గోడ అవతలి నీళ్ళు

ఆదివారం మధ్యాహ్నం. మర్నాడు ఒక కళాశాలలో తన వృత్తిజీవితం గురించి ప్రసంగించవలసిన పేరున్న కన్సల్టెంటు, ఆమెను సభకు పరిచయం చేయవలసిన అక్క కూతురు, వంటింటి బల్లకు ఇటొకరు అటొకరు కూర్చుని ఉన్నారు.

"అది కొట్టేయ్. చిన్నప్పటినుంచీ ప్రకృతి అంటే ప్రాణమని రాస్తే ముందు మీ అమ్మే నవ్వుతుంది. ఇంట్లో ఒక్క మొక్కకి నీళ్ళు పోసిన పాపాన పోలేదు నేను."

"అయితే ఏం రాయను పిన్నీ? రేపు పదింటికి మైకు ముందు నిలబడాల్సింది నేను. కెమిస్ట్రీ చదివావు, రంగుల కంపెనీ ల్యాబులో రెండేళ్ళు చేశావు, మేనేజ్‌మెంట్ చదివి కన్సల్టింగ్‌లో చేరావు. ఇంతవరకూ వచ్చింది. అక్కణ్ణుంచి సస్టైనబిలిటీలోకి ఎలా వచ్చావు?"

"ఎవరూ రామంటే నేను వచ్చాను."

"అదేమిటి?"

"అప్పట్లో మా ఆఫీసులో స్ట్రాటజీ వాళ్ళంటే దొరలు. ఈ నీళ్ళూ పొగా చెత్తా చూసుకోవడమంటే బస్సులో వెనక సీటు. కొత్తగా చేరింది నేను, నాకు అంటగట్టారు. అదే రాసుకో, పిల్లలు నవ్వుతారు."

"రాసుకున్నా. తర్వాత జీన్స్ ఫ్యాక్టరీ."

"ఊఁ."

"ఏడాదిలో నీళ్ళ వాడకం నలభై శాతం తగ్గించావు. ఆ రిపోర్టే నిన్ను డైరెక్టర్ల గదిలోకి తీసుకెళ్ళింది. మా కోర్సు పుస్తకంలో కూడా ఉంది. ఎలా తగ్గించావో రెండు వాక్యాలు చెప్పు."

"పుస్తకంలో ఉందన్నావుగా, అందులోంచి ఎత్తి రాసేయ్. టీ పెట్టనా?"

"ఇప్పుడే తాగాం."

"ఇంకోసారి తాగితే ఎవరైనా కొడతారా?"

"నీళ్ళు నమలకు పిన్నీ. పుస్తకంలో 'పనుల పునర్వ్యవస్థీకరణ' అని ఒక్క ముక్క ఉంది. అంటే ఏమిటి?"

"అంటే, పనులు మళ్ళీ సర్దడం."

"అది నిఘంటువు. నేనడిగేది సంగతి."

"మెషిన్లు మార్చారు."

"ఎన్ని?"

"రెండో, మూడో."

"రెండు మెషిన్లు మారిస్తే నలభై శాతమా? నేనూ రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. పది శాతం తగ్గితే మా మేనేజరు కేకు కోయిస్తాడు."

"నువ్వు పరిచయం రాయడానికి వచ్చావా, నన్ను బోనెక్కించడానికి వచ్చావా?"

"రేపు రెండొందలమంది పిల్లలు కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు లేచి ఇదే అడిగితే?"

"అడగరు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నానుగా."

"నువ్వు మీ అమ్మ పోలిక. పట్టుకుంటే వదలవు."

"పిన్నీ."

"ఉతికే సెక్షన్ తీసేశారు."

"తీసేసి?"

"ఫ్యాక్టరీ వెనక సందులో రేకుల షెడ్లు వేశారు. కుట్టిన ప్యాంట్లు సాయంత్రం బండ్లకెక్కి అటు పోయేవి, పొద్దున్నకి రంగు వెలిసేలా ఉతికించుకుని ఇటు వచ్చేవి. ఉతికేవాళ్ళు కూడా పాతవాళ్ళే. గోడ లోపల ఉతికేవాళ్ళు గోడ బయట ఉతికారు. అంతే."

"నీళ్ళు?"

"సందులో బోరు వేశారు. వాడిన నీళ్ళు, ఆ నీలం నీళ్ళు, సందు కాలవలోకి. లోపలైతే శుద్ధి చేసే ట్యాంకు ఉండేది. బయట ట్యాంకూ లేదు, మీటరూ లేదు."

"మరి ఆ నలభై శాతం?"

"గేటు దగ్గర మీటరు చెప్పింది. మీటరు అబద్ధమాడలేదు."

"ఇదంతా నీకు రిపోర్టు ఇచ్చాక తెలిసింది. అంతే కదా?"

"అంతే అంటే నీకు బాగుంటుందా?"

"ముందే తెలుసా?"

"రిపోర్టు మొదట్లోనే హద్దు గీయాలి కదా, ఏ నీళ్ళు లెక్కలోకి వస్తాయి, ఏవి రావు అని. ముందు నేను షెడ్లని కూడా కలుపుకుని గీశాను. ఫ్యాక్టరీ మేనేజరు చూశాడు. కోప్పడలేదు, బెదిరించలేదు. 'మేడమ్, గోడ లోపలిది మాది. బయటిది కాంట్రాక్టరుది. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా' అన్నాడు. రూల్సు తీసి చూశాను. రూల్సు ఆయన పక్కనే ఉన్నాయి. పెన్సిలు గీత చెరిపేసి గోడ మీదుగా గీశాను. రెండు నిమిషాల పని."

"రూల్సు ఒప్పుకున్నాక నీ తప్పేముంది? మీ బాసు కూడా చూసే సంతకం పెట్టి ఉంటాడు. తిలాపాపం తలా పిడికెడు."

"చూశాడు. 'నీకు వ్యాపారం అర్థమైంది' అని మెచ్చుకుని, ఆ నెలలోనే స్ట్రాటజీలోకి తీసుకున్నాడు. ఆ ఏడే ఇంకో నాలుగు ఫ్యాక్టరీలు నన్నే పంపమన్నాయి. నీళ్ళు తగ్గించే మనిషినని కాదు, గోడ ఎక్కడుందో తెలిసిన మనిషినని. ఎలా వచ్చావని అడిగావుగా. అలా వచ్చాను."

"పోనీలే. అందరూ చేసేదేగా. దానికింత తల దించుకోవాలా?"

"తల దించుకునేది దానికి కాదు."

"మరి దేనికి?"

"చివరి రోజు ఫోటోల కోసం సందులోకి వెళ్ళాను. ఒకావిడ, నాకన్నా పదేళ్ళు పెద్దది, మోచేతుల దాకా నీలం. 'అమ్మా, నీళ్ళు రాసుకుపోయేది నువ్వేగా. మరి మా నీళ్ళు ఎందులో రాశావు' అంది. కాలవ నీళ్ళు బోరులోకి దిగుతున్నాయట. తాగే బిందెలో కూడా నీలం కనబడుతోందట."

"నువ్వేమన్నావు?"

"వేరే పుస్తకంలో రాశానన్నాను."

"ఉందా?"

"ఎక్కడిది? అడిగినదానికి ఏదో ఒకటి చెప్పి కారెక్కాలి, నోటికి అది వచ్చింది. ఆవిడ నమ్మింది. తడి చేతులు బట్టలకి తుడుచుకుని మరీ నా చెయ్యి పట్టుకుంది. 'రాశావుగా, చాలు తల్లీ, పెద్దవాళ్ళు చదువుతార్లే' అంది. పక్క షెడ్డుకి కేకేసింది, మన నీళ్ళు కూడా రాశారంట, వేరే పుస్తకంలోనంట, అని. అవతల షెడ్డువాళ్ళు దాని అవతలివాళ్ళకి చెప్పారు. నేను నిలబడి విన్నాను."

"మళ్ళీ వెళ్ళలేదా?"

"పదహారు దేశాలు తిరిగాను. ఆ సందులోకి మాత్రం కాలు పెట్టలేదు."

"తాగు, కాసిని మంచినీళ్ళు తాగు."

"వద్దు. ఆ కాగితం ఇటివ్వు. రేపు నువ్వు ఫ్యాక్టరీ దాకా చదివి ఆపెయ్. మిగిలింది నేను చెబుతాను. గీత సంగతి, ఆవిడ సంగతి. ఆ కంపెనీ పేరుతో సహా."

"వద్దు పిన్నీ."

"ఏం? ఇందాకటినుంచీ పీక మీద కూర్చుని అడిగింది నువ్వే కదా."

"అడిగాను. కానీ చెప్పకు. రేపొద్దున మాత్రం చెప్పకు."

"నా పరువు పోతుందనా? పోనీ. ఇన్నాళ్ళు ఉండటమే ఎక్కువ."

"నీ పరువు గురించి కాదు."

"మరెవరి గురించి? ఇటు చూడు. మొహం అలా పెట్టావేం తల్లీ?"

"ఆ ఫ్యాక్టరీ నీళ్ళ రిపోర్టు ఈ ఏడాది మా ఆఫీసుకి వచ్చింది. షెడ్లు ఇప్పుడు ముప్ఫై దాటాయి. సందులోకి నేనూ వెళ్ళాను, నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ గీతలో తప్పేం లేదని నీ నోటితో నువ్వంటే విని, ఇవాళైనా ఇంటికెళ్ళి నిద్రపోదామని వచ్చాను. పోయిన శుక్రవారం నీ రిపోర్టు పక్కన పెట్టుకుని, నేను కూడా అదే గీత గీసి సంతకం పెట్టేశాను పిన్నీ."