రాజుగారి చావు సీను

తిరువూరులో పద్యనాటకం ముగిసి తెర పడగానే, నాటక సమాజం నడిపే ఆవిడ హార్మోనియం మాస్టారి మీద విరుచుకుపడింది.

“రాజు చచ్చాక ఏం వాయించమన్నాను మాస్టారూ?”

“శోకరాగమండి.”

“మీరేం వాయించారు?”

“చర్చిలో ఆదివారం లేచి నిలబడి పాడే ముగింపు పాటండి. అలవాటు కొద్దీ వేళ్లు అటు పోయాయి.”

“మీ చర్చివాళ్లంతా లేచారు. వాళ్లని చూసి మిగతా జనం లేచారు. సరే, చచ్చిన రాజు కూడా లేచి చేతులు కట్టుకోవాలా?”

“రాజు వేషం కట్టిన జోజిబాబుదీ మా చర్చేనండి.”

“నా ఖర్మ!”

“అయినా మన నాటకానికి జనం లేవడం ఇదే మొదటిసారండి.”

“ఎందుకు లేవరూ? ప్రతిసారీ సగంలోనే లేస్తారు, ఇళ్లకి పోడానికి.”

“ఇవాళ మాత్రం ఒక్కరూ పోలేదండి.”

ఆవిడ తెర సందులోంచి జనం వంక చూసింది.

“రేపు విస్సన్నపేటలో కూడా అదే వాయించండి. ఆ రాజుని మాత్రం లేవొద్దని చెప్పండి.”