వేరే ఊరి వాన

ఎండ మండిపోతున్న మధ్యాహ్నం హాల్లో కిటికీలన్నీ వాటంతటవే మూసుకున్నాయి. భార్య ఫోన్‌లో ఇంటి యాప్ తెరిచింది. భర్త పేపర్ దించలేదు.

"ఆకాశంలో మబ్బుతునక లేదు. ఈ కిటికీలకేం పుట్టిందండీ?"

"వాతావరణ సూచనలో వాన ఉందేమో. వానంటే మూసుకునేలా పెట్టించాంగా."

"ఏ ఊరి వాన? ఇందులో అమ్మాయి ఉండే ఊరు పెట్టి ఉంది."

"పొరపాటున వేలు తగిలుంటుంది."

"ఎవరి వేలు? మనింట్లో ఉన్నదే ఇద్దరం. నేనైతే ముట్టుకోలేదు."

"సరే, నేనే మార్చాను."

"వద్దన్నా ఉద్యోగానికి వెళ్ళిందని, ఆ ఊరి పేరే ఈ ఇంట్లో ఎత్తొద్దన్నారు మీరు."

"ఎత్తలేదుగా. నొక్కానంతే."

"ఎందుకు నొక్కినట్టు?"

"వానలో తడిస్తే దానికి ఆయాసం వస్తుంది. అక్కడ వానొస్తే నాకు తెలియొద్దూ?"

"తెలిసి ఏం చేస్తారు?"

"కిటికీల వంక చూస్తూ కూర్చుంటాను. తెరుచుకున్నాయంటే అక్కడ వెలిసినట్టు."

"అందాకా ఇక్కడ మనం ఉడికిపోవాలి. గొడుగు పట్టుకెళ్ళావా అని ఒక్క ఫోన్ చేయలేరూ?"

"ఏడాదిగా మాట్లాడనివాణ్ణి. ఇప్పుడు గొడుగుతో మొదలుపెట్టనా?"

"దేనితో మొదలుపెట్టినా అది ఫోన్ ఎత్తుతుంది."

"ముందు ఆ వాన తగ్గనీ. చేస్తాను."

"మాటేగా?"

"మాటే."

ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. చాలాసేపటికి కిటికీలు మెల్లగా తెరుచుకున్నాయి.

"వెలిసిందండీ. ఇదిగో పట్టుకోండి, రింగవుతోంది."