మా వంటింటి కింద గోడలు

అది కాదమ్మాయ్, నేల కింద గోడలు కనిపెట్టే యంత్రానికి పైనున్న మనుషులు కనపడరా?

కూర్చో, కూర్చో. నిన్ను తిట్టడానికి కాదులే. ఎవర్ని తిట్టి ఏం లాభం గనక?

ఆరోజు నువ్వు ఆ రాడార్ బండి తోసుకుంటూ మా పెరట్లోకీ వంటింట్లోకీ వచ్చినప్పుడు అందరికంటే సంబరపడిందెవరు? మా ఆయనే కదా! చూపు పోయాక ఆ మనిషి అంత హుషారుగా మాట్లాడటం నేను చూడలేదు. "తవ్వకుండా లోపలేముందో ఎలా తెలుస్తుందమ్మా?" అంటూ నీ వెంటే తిరిగాడు. నువ్వేమో ఓపిగ్గా, "కిందికి తరంగాలు పంపుతాం బాబాయ్, గట్టిగా ఏదైనా తగిలితే తిరిగొస్తాయి" అని చెప్పావు. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన అరచేతిలో వేలితో గీసి మరీ చూపించావు, ఇదిగో గది, ఇదిగో గుమ్మం అని.

ఇంకేముంది! ఆ అరచెయ్యి పట్టుకుని వీధంతా చెప్పాడు. "మా వంటింటి కింద ఎప్పటిదో ఊరుందయ్యా" అని. కూరగాయల బండివాణ్ణి కూడా వదల్లేదు.

ఇప్పుడేమో తవ్వాలి, ఈ ఇళ్ళ వరసంతా ఖాళీ చెయ్యండంటున్నారు మీ పురావస్తు శాఖ పెద్దవాళ్ళు.

ఏంటీ, బదులుగా ఫ్లాట్ ఇస్తున్నారా? ఆ, ఇచ్చారులే. మూడో అంతస్తు. తెలిసినవాళ్ళిల్లని చెప్పి మొన్న ఆయన్ని తీసుకెళ్ళా. అడుగు పెట్టాడో లేదో తలుపు నుదుటికి కొట్టుకుంది. గది మధ్యలో రెండు చేతులూ చాపి అలాగే నిలబడిపోయాడు. "గోడలెక్కడే?" అన్నాడు.

ఇక్కడో? పొద్దున్నే లేచి తనే టీ పెట్టి నాకిస్తాడు. ఈ ఇంట్లో ఆయనకి చూపు లేదన్న సంగతి నాకే గుర్తుండదమ్మా.

అబద్ధం రాయమని నేనెందుకంటాను? రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశావు. ఆఫీసుల చుట్టూ నేనూ తిరిగాను. అందరూ కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, జాలిగా మాట్లాడారు. ఒక్కడైనా కసిరుంటే గట్టిగా అరిచేదాన్ని కదా! ఆ అదృష్టమూ లేదు.

ఆయనకా? లేదు... ఇంకా చెప్పలేదు. నోరు రావట్లేదు. తవ్వేది పెరట్లోనే అనుకుంటున్నాడు పిచ్చిమనిషి. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడట. దొరికిందల్లా ముందు తన చేతికిమ్మని నిన్నడుగుతాడట.

నువ్వు చెప్పగలవా? తల దించుకుంటే ఎలాగే తల్లీ?

సరే, లోపలికి పద. నీ గొంతు విన్నట్టున్నాడు. మంచి చొక్కా కోసం బీరువా తీస్తున్నాడు.