కిటికీ పక్క మంచం

బడిలో సిక్‌రూము, మూడో పీరియడు. పిల్లలంతా మాత్రల తాత అని పిలిచే ముసలాయన రిజిస్టరు తెరిచేసరికే ఏడో తరగతి పిల్ల మంచమెక్కి పడుకుంది.

“మళ్ళీ కడుపేనా?”

“ఊఁ.”

“నిన్నా కడుపే, మొన్నా కడుపే. పోనీ ఇవాళ్టికి మోకాలని రాసుకోనా కలెక్టరమ్మా? రాసి రాసి నా చెయ్యి పడిపోతోంది.”

“కడుపే తాతా. నిజంగా.”

“ఎటువైపు?”

“ఇటు... కాదు, ఇటు.”

“అబ్బో, నడిచే నొప్పి! నా సర్వీసు మొత్తంలో ఒక్కసారే చూశాను. ఒకడి పంటినొప్పి దిగుతూ దిగుతూ చెప్పులోకొచ్చి కూర్చుంది. చెప్పు విప్పి గోడవతలికి విసిరాను. అంతే, నయం!”

“కోతలు!”

“నవ్వింది, నవ్వింది! సరే, లేచి ఈ మంచం మీదికి రా. అక్కడ ఎండ పడుతోంది.”

“వద్దు. కిటికీ పక్కదే కావాలి.”

“మాడిపోతావే పిల్లా.”

“పర్లేదు.”

“అయితే మాత్రేసుకో. ఇటు తిరుగు. ఇటు తిరగమంటే... ఏం చూస్తున్నావు బయట?”

“ఏం లేదు.”

“లైబ్రరీ వెనక మెట్ల మీద ఎవరో కూర్చుంది. పెద్ద క్లాసు పిల్లలా ఉందే.”

“ఏమో. నాకు తెలీదు.”

“తెలీని పిల్ల కోసం వారం రోజులుగా కడుపునొప్పి తెచ్చుకుంటున్నావా?”

“మెల్లిగా తాతా, తనకి వినబడుతుంది.”

“ఎవరమ్మా?”

“అక్క.”

“మీ అక్కా? పదో తరగతి కదూ? క్లాసుకి పోదా?”

“ఈ పీరియడు పోదు. ఊరికే అక్కడ కూర్చుంటుంది. నేను చూస్తుంటా. అంతే.”

“ఎందుకు చూడ్డం?”

“అంతే అన్నానుగా! ఇంకేం అడక్కు.”

“అడగను, అడగను. ఇంట్లో బాగానే ఉంటుందా?”

“రంగుల పెట్టె నాకిచ్చేసింది.”

“మంచిదేగా.”

“చెవి రింగులు కూడా. ఇదివరకు ముట్టుకుంటేనే చంపేసేది. ‘ఇక నాకక్కర్లేదులే, నువ్వే ఉంచుకో’ అంది.”

“ఎప్పుడన్నది?”

“ఆదివారం. ఎందుకక్కర్లేదూ అనడిగాను. చెప్పింది.”

“ఏమని?”

“చెప్పకూడదు.”

“అమ్మకి చెప్పావా?”

“చెప్పకూడదన్నానా! నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ఒట్టేయించుకుంది. నేను నోరు తెరిస్తే అక్కకే ఏమైనా అవుతుంది తాతా. నా వల్లే అవుతుంది.”

“ఓసి పిచ్చితల్లీ! ఒట్ల సంగతి నన్నడుగు. గేదె మీద ఒట్టేసి తప్పాను. మర్నాటి నుంచి పాలకి బిందెలు చాల్లేదు. బీడీ కాల్చనని మా ఆవిడ మీద ఒట్టేసి ఇరవైసార్లు తప్పాను. తప్పినప్పుడల్లా ఇంకాస్త లావెక్కింది.”

“నీకెప్పుడూ కోతలే. ఇది అక్క.”

“సరే. ఇది కోత కాదు. వింటావా? నాకో తమ్ముడు. అప్పుడు వాడికి పదిహేను. ఓ రోజు గోలీలన్నీ తెచ్చి నా జేబులో పోసేశాడు. ‘నాకెందుకన్నయ్యా ఇంక’ అన్నాడు. నా చెయ్యి కూడా ఇలాగే తల మీద పెట్టుకున్నాడు.”

“మరి? చెప్పావా?”

“పరిగెత్తుకెళ్ళి నాన్నకి చెప్పేశాను.”

“తమ్ముడికి ఏమైంది?”

“కోపమొచ్చింది. మొండిఘటం, ఏడాది పాటు నాతో మాట్లాడితే ఒట్టు. తర్వాత మామూలే. పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, బట్టతల. ఇప్పటికీ ఫోనెత్తగానే ‘ఏరా చాడీల అన్నయ్యా’ అంటాడు.”

“బట్టతలా?”

“అద్దమే! చూసుకుని తల దువ్వుకోవచ్చు.”

“ఒట్టు తప్పినా ఏం కాలేదా?”

“ఏం కాలేదు.”

“నిజంగా?”

“నిజంగా.”

“తాతా... బతకాలని లేదంది. పరీక్షల దాకా కూడా ఉండనంది. తాతా, అక్క లేచింది! బ్యాగు మెట్ల మీదే వదిలేసి పోతోంది!”

“పద. చెయ్యి పట్టుకో. కౌన్సెలర్ మేడం గది దారిలోనే. మేడం గారూ! మేడం గారూ! ఒక్కసారి బయటికి రండి!”

సాయంత్రం, అదే గది. పిల్లలంతా ఇళ్ళకు పోయారు. కౌన్సెలర్ మేడం తలుపు దగ్గర నిలబడింది.

“అమ్మా నాన్నా వచ్చారు. ఆ పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, నేనూ వెళ్ళి అక్కడ కూర్చోబెట్టి వచ్చాను. ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పాను.”

“ఏమైనా మాట్లాడిందా?”

“మాట్లాడ్డమా! చెల్లెలి మీద అరిచింది. ‘జన్మలో నీ మొహం చూడను’ అని.”

“గట్టిగా అరిచిందా?”

“వరండా అంతా వినబడేలా.”

“హమ్మయ్య. అరవనివ్వండి.”

“చిన్నది మాత్రం చుక్క కన్నీరు పెట్టలేదు. ‘ఏడాదేగా మేడం, తర్వాత మామూలే’ అంది. మీ తమ్ముడి కథంతా నాకు అప్పజెప్పింది, బట్టతలతో సహా.”

“పిల్లలకేదో ఒకటి చెబుతుంటాం లెండి.”

“కాదండీ, ఆయన్ని ఒకసారి మన బడికి పిలవాలి. అంతదాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఈ పిల్లలకెంత ధైర్యం! నంబరివ్వండి.”

“నంబరు లేదండీ.”

“ఫోనెత్తగానే చాడీల అన్నయ్యా అంటాడన్నారుగా? పోనీ ఊరు చెప్పండి, నేనే కనుక్కుంటాను.”

“మేడం గారూ... ఆ చిన్నదానికి చెప్పనంటే ఒక మాట.”

“చెప్పను. ఏమిటి?”

“ఆ ఒట్టు నేను తప్పలేదండీ.”