నా గుర్రాన్ని నాకే అమ్మాడు

దొంగతనం కాదండి. దొంగతనమైతే ఈపాటికి మీరు రాసుకోవడం కూడా అయిపోయేది. గుర్రం పోలేదు సార్, వచ్చింది. అదే నా బాధ.

నా గుర్రాన్ని నాకే అమ్మాడండి ఆ బాబ్జీ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. పెళ్లి ఊరేగింపులకి గుర్రాలు పంపిస్తాడు, కొనడం అమ్మడం కూడా చేస్తాడు... నవ్వండి, పర్లేదు. మా ఊళ్లో ఇప్పటికే అందరూ నవ్వేశారు, ఈ పోలీస్ స్టేషనొక్కటే మిగిలింది.

పేరా? సీతారామాంజనేయులు అండి. పేరులో ముగ్గురున్నా నేనొక్కడినే. ఈ దర్శికి పక్కనే మా ఊరు. మిర్చి వేస్తాను, కాస్త పత్తి.

గుర్రాల పిచ్చి మా నాన్నదండి. మిర్చికి మంచి రేటొచ్చిన ఏడాది అందరూ ట్రాక్టర్లు కొంటే ఆయన రాజస్థాన్ వెళ్లి గుర్రాల జతని తెచ్చాడు. ఆ జాతికి చెవులే అందం సార్. రెండూ లోపలికి వంగి, కొనలు ఒకదానికొకటి తాకాలి. తాకితే జనం లారీ ఆపి మరీ చూస్తారు. మగదాని పేరు మేఘుడు. వాడి చెవులు చూడాల్సిందే మీరు.

మా నాన్న పోయేముందు నాకు ఒక్కటే చెప్పాడు. "ఒరేయ్, బయటి గుర్రాన్ని కలపకు, చెవులు పోతాయి" అన్నాడు. ఆస్తి గురించి ఒక్క మాట లేదండి. చెవుల గురించే.

నేను కలపలేదు. మేఘుడికి గంగ అని కూతురు పుట్టింది. గంగ ఈడుకొచ్చి ఎదకొచ్చినప్పుడు మేఘుడితోనే దాటించాను... అలా చూడకండి సార్! జాతి గుర్రాలు పెంచేవాళ్లలో ఇది ఉన్నదే. మంచి లక్షణం రక్తంలో గట్టిపడాలని చేస్తారు. గట్టిపడుతుంది కూడా. మంచిదొక్కటే గట్టిపడదు, చెడ్డది కూడా గట్టిపడుతుంది. అది నాకు తర్వాత తెలిసింది.

మొదటి పిల్ల మగది, బ్రహ్మాండంగా పుట్టాడండి. బొగ్గులా నల్లగా. ఆ చెవులు! మా ఆవిడ మల్లేశ్వరి బుజ్జీ అని పిలిచేది. వంటింటి వెనక కిటికీలోంచి కుడితి పెట్టేది. వాడు తల లోపలికి పెట్టి గట్టు మీది గిన్నెలదాకా అందుకునేవాడు. ఒకసారి ముళ్లకంచెలో పడి ముందుకాలు చీరుకుపోతే, ఎండబెట్టిన మిర్చి వానకి తడుస్తున్నా ఆవిడ లేవలేదండి. వాడి కాలు పట్టుకునే కూర్చుంది.

కానీ ఇంట్లో రెండు మగగుర్రాలు ఎదిగితే కుమ్ములాటే కదా. పాలు మానిపించాక పిడుగురాళ్లలో సున్నం బట్టీల శ్యామ్ సుందర్ గారికి అమ్మేశాను. వ్యాన్ ఎక్కిస్తుంటే ఆవిడ ఇంట్లోంచి బయటికే రాలేదు.

మల్లేశ్వరి సంగతా? మా మేనమామ కూతురేనండి. అవును, మేనరికమే. పిల్లలా? లేరు సార్. మీరు గుర్రాల సంగతి అడగండి.

మళ్లీ మేఘుడితోనే దాటించాను. రెండో పిల్లకి కింది దవడ పొట్టిది. పైపళ్లు ముందుకొచ్చి, కింద పట్టు లేదు. పొదుగు నోటికి అందితే జారిపోయేది. గంగ నిలబడే ఉండేది పాపం, కదలకుండా. పిల్ల తడుముకునేది, జారిపోయేది, మళ్లీ తడుముకునేది. మల్లేశ్వరి గంగ పాలు పితికి సీసాతో పట్టింది. ముక్కులోంచి వచ్చేశాయి. అంగిట్లో చీలిక కూడా ఉందన్నారు పశువుల డాక్టరు అబ్దుల్ ఖాదర్ గారు. గరిటెతో పట్టింది, దూది ముంచి పిండింది. వారం తిరక్కుండానే పోయిందండి.

చెవులు మాత్రం తాకాయి సార్. కొనలు రెండూ. పాతిపెట్టేటప్పుడు చూశాను.

మూడోసారి గంగ నెలలు నిండకముందే ఈసుకుపోయింది. అప్పుడు డాక్టరు గారు నన్ను కల్లం దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. "సీతారామయ్యా, ఇంట్లోవాటిని ఇంట్లోవాటికే కట్టింది చాలు. ఏ చుట్టరికమూ లేని మగగుర్రాన్ని తీసుకురా. గంగకి వయసైపోతోంది, ఇంకొక్క ఈత, మహా అయితే రెండు" అన్నారు. చెవులు పోతాయి కదండీ అన్నాను. ఆయన నా వంక చూసి లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకి మేఘుడూ కడుపునొప్పితో పోయాడు. ఇక గత్యంతరం లేదు.

అందుకని తిరిగానండి. నంద్యాల, అనంతపురం, హైదరాబాదు. ఎక్కడికెళ్లినా ఏదో ఒక వంక. ఒకదానికి చెవులు బారెడు దూరం. ఒకదానికి మెడ పొట్టి. ఒకటి అన్నీ బాగున్నా నా మనసుకి ఎక్కలేదు. చివరికి బాబ్జీ దగ్గర చూశానండి, తెల్లగా, వెన్నముద్దలా. పేరు తూఫాను. చెవులు తాకుతున్నాయి. మెడ అలాగే, నడక అలాగే. నాకు కళ్లనీళ్లొచ్చాయి సార్. అచ్చం మా మేఘుడే! రెండు రాష్ట్రాలూ గాలించి, చుట్టరికం లేనిదాన్ని వెతుకుతూ, మావాడిలా ఉన్నవాడి దగ్గర ఆగిపోయాను. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా?

ఎక్కడిది బాబ్జీ అన్నాను. "చాలా దూరం నుంచి వచ్చిందండి" అన్నాడు. బేరమాడకుండా తెచ్చుకున్నాను.

వ్యాన్ దిగిందండి తూఫాను. దిగి, ఎవరూ పట్టుకోకముందే కొట్టం దాటి, గడ్డివామి చుట్టూ తిరిగి, వెళ్లి వంటింటి కిటికీలో తల పెట్టింది.

లోపల మల్లేశ్వరి పప్పు కడుగుతోంది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. "బుజ్జీ, వచ్చావురా" అంది. అంతే. అరవలేదు, ఏడవలేదు. ఆ పప్పు కడిగిన నీళ్లు పెట్టింది.

నేను కోప్పడ్డాను. బుజ్జిగాడు నలుపు కదే, తెల్లగుర్రాలన్నీ నీకు బుజ్జిలేనా అన్నాను. నాకు తెలుసు సార్, నల్లగా పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడే రకాలు ఉంటాయి, మేఘుడూ అలా తెల్లబడ్డవాడేనట. మా నాన్న చెప్పేవాడు. తెలిసీ కోప్పడ్డాను. ఆవిడ వంగి దాని ముందుకాలి మీద వెంట్రుకలు పక్కకి తీసింది. ముళ్లకంచె గీత.

అయినా నేను ఒప్పుకోలేదండి. గంగ అప్పుడే ఎదకొచ్చింది. మళ్లీ వస్తుందో రాదో. తూఫానుని పట్టుకుని గంగ కొట్టం దగ్గరికి నడిపించాను. మల్లేశ్వరి గేటుకి అడ్డంగా నిలబడింది.

"తల్లి మీదికి కొడుకుని తోలుకొస్తావా?" అంది.

"గుర్రాలకి అవన్నీ ఉండవే" అన్నాను.

"గుర్రాలకి లేకపోతే లేదు. సీసా పట్టింది నేను" అంది.

తూఫానుని తోలుకుని తిరిగొచ్చేశాను.

పిడుగురాళ్లకి ఫోన్ చేశాను. శ్యామ్ సుందర్ గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. "అవునండీ, పిల్లలు హాస్టల్లో చేరారు, గుర్రాన్ని చూసేవాళ్లు లేక బాబ్జీకి ఇచ్చేశాం. ఎందుకండీ, మీకేమైనా కావాలా?" అన్నారు. ఏం లేదండీ, ఊరికే అన్నాను.

బాబ్జీని నిలదీశాను. ఏమన్నాడో తెలుసా? "నేను అబద్ధం ఆడలేదు బాబాయ్. దూరం నుంచి వచ్చిందన్నాను. పిడుగురాళ్ల దూరం కాదా? అయినా నీ గుర్రాన్ని నువ్వు గుర్తుపట్టకపోతే అది నా తప్పా?" అన్నాడు. దానికి మీ దగ్గర ఏమైనా సెక్షను ఉందేమోనని వచ్చాను.

ఏంటండీ? పిలిపిస్తారా? బాబ్జీనా? గుర్రాన్ని వాపసు తీసుకుని వేరేది ఇవ్వమంటారా... ఈరోజే? మీరు చెబితే వింటాడా? వింటాడు లెండి, మీరు చెబితే ఎందుకు వినడు.

ఫోన్ ఉంచండి సార్. ఒక్క నిమిషం. ఉంచండి.

వాపసు కుదరదండి. నిన్న పొద్దున డాక్టరు గారిని పిలిపించి దానికి విత్తులు తీయించేశాను. ఇక అది ఎవరి ఆడగుర్రానికీ పనికిరాదు. బాబ్జీకీ పనికిరాదు. ఇంకోడికి అమ్మితే వాడు చెవులు చూసి మురిసిపోయి, దీనికి పుట్టిన కూతురినే మళ్లీ దీనితో దాటిస్తాడు. మళ్లీ ఎవరింట్లోనో ఒక ఆడమనిషి గరిటె పట్టుకుని కూర్చుంటుంది. వద్దనిపించింది. డాక్టరు గారు "ఆలోచించుకున్నావా, ఇలాంటి గుర్రం జిల్లాలో ఇంకోటి లేదు" అన్నారు. కానివ్వండి అన్నాను. నేనే దాని తల కదలకుండా పట్టుకున్నాను.

గంగ ఎద కూడా దాటిపోయింది. ఇక రాదంటున్నారు. మా నాన్న తెచ్చిన జత వంశం అంతటితో సరి.

మరి కంప్లయింటు ఎందుకని వచ్చావంటారా?

ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదండీ. ఇంట్లో చెప్పుకుందామంటే ఆవిడ సంతోషంగా ఉందండి.