పట్టాకు కొలిచిన ఆముదం

ఆదోని జిన్నింగు మిల్లులో యంత్రాలను తిప్పే తోలు పట్టా తెగి ఛాతీకి కొట్టడంతో బజారి చనిపోయాడు. పదకొండో రోజు అతని భార్య మిల్లు గేటు దగ్గర మేస్త్రీని నిలిపింది.

“అంత మందం తోలు ఎట్ల తెగిందన్నా?”

“ఎండిపోయి పగిలిందమ్మా. అట్ల ఎండకుండా మిల్లు నిలిపే రోజు దానికి ఆముదం పట్టించల్ల. నేనే కొలిచి బజారికి ఇస్తాంటి. ఎంత పోసినా సుక్క మిగలకుండా తోలే తాగేస్తాది.”

“ఆయన పట్టించలేదంటావా?”

“పట్టించినాననే సెప్పేవాడు. మళ్లా పట్టా జారితే గుగ్గిలం పొడి సల్లేవాడు. అది సల్లితే ఆ పూటకు జారదు గాని, తోలు ఇంకా ఎండిపోతాది. వద్దురా అంటాంటి.”

“బాగానే పట్టించింటాడన్నా. మిగిలిందే ఇంటికి తెచ్చేవాడు.”

“మిగిలేదా?”

“వారం వారం సెంబుడు మిగిలేది. మా పాపకు తలంతా పుండ్లు, అది రాసినంకనే మానుతాండాయి. ‘మా మేస్త్రీది పెద్ద సెయ్యి, ఎక్కువే కొలుస్తాడు’ అనేవాడు.”

మేస్త్రీ గేటు కడ్డీ పట్టుకున్నాడు.

“సెప్పన్నా. ఆయన తప్పేమన్నా ఉండాదా?”

“లేదమ్మా. పాత తోలు. ఎంత పట్టించినా నిలిచేది కాదు.”

“ఇంకా రెండు పుండ్లు మానల్లన్నా. ఆయన పనిలోకి వచ్చినోనికి గూడా ఆముదం మిగుల్తాదా?”

“మిగుల్తాదిలేమ్మా. నీ సెంబు నాకిచ్చిపో.”