హొనోరా డెవానీ వెనక్కి తీసుకున్న వ్యాసం

ఫాదర్ కాన్‌రాయ్ గారూ, డెవానీ కుటుంబ సభ్యులారా, మా విభాగం పాత విద్యార్థులారా, ఇంత వానలో బస్సు పట్టుకుని వచ్చిన కిల్‌డెర్గ్ తీరం ఆడవాళ్లారా,

ప్రొఫెసర్ హొనోరా డెవానీ గారిని సోమవారం మట్టి చేశాం. ఆవిడకు డెబ్బై ఏడేళ్లు. నలభై ఏళ్లు ఈ కాలేజీలో పాఠం చెప్పారు. ఇక్కడ రసాయన శాస్త్ర ఆచార్య పీఠం దక్కిన తొలి మహిళ ఆవిడే. ఇవన్నీ పేపర్లో వచ్చాయి. రానివి చెప్పమని ఆవిడ చెల్లెలు నోరీన్ గారు నన్ను అడిగారు. నా పేరు డెలియా మానియన్. ఆవిడ ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లు సహాయకురాలిగా పనిచేశాను.

1930లో ఆవిడ విద్యార్థినిగా చేరేనాటికి ఆ భవనంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అవసరం పడుతుందని ఎవరికి తట్టింది గనక? ప్రయోగం మధ్యలో సైకిలెక్కి మేనత్త ఇంటికి వెళ్లి వచ్చేవారు. రానూపోనూ పదకొండు నిమిషాలు. అందుకని పదకొండు నిమిషాలు వదిలేసినా చెడిపోని ప్రయోగాలే ఎంచుకునేవారట. "నన్ను నాచు మీదికి తోలింది ఆ సైకిలే. నాచు మెల్లగా ఉడుకుతుంది, మనం పక్కన లేకపోయినా అలగదు" అనేవారు. నవ్వించడానికి అన్నారో, నిజంగానే అన్నారో నాకిప్పటికీ తెలియదు.

నాచంటే క్యారగీన్, మన తీరం రాళ్ల మీద పెరిగే సముద్రపు నాచు. పిల్లలకు దగ్గొస్తే పాలలో కాచి పెడతామే, అది. పాలను గడ్డకట్టించే ఆ జెల్లీ ఏ తీరం నాచులో, ఏ నెలలో ఎంత ఉంటుందో తేల్చడమే ఆవిడ జీవితం.

1952లో ఆవిడ వ్యాసం ఒకటి సైన్సు పత్రికలో అచ్చయింది. కిల్‌డెర్గ్ నాచులో మిగతా తీరాల కంటే రెట్టింపు జెల్లీ ఉందని. ఒక కంపెనీ అక్కడ కార్ఖానా పెడతామంది. పని కోసం ఇంగ్లండ్ వెళ్లడానికి పెట్టెలు సర్దుకున్నవాళ్లు విప్పేశారు. అదే ఏడాది పీఠం ఖాళీ అయింది. ఆవిడకే వస్తుందని అందరం అనుకున్నాం.

ఇంటర్వ్యూ మూడు వారాలుందనగా ఆవిడ తూకాలు మళ్లీ వేశారు. కలవలేదు. కిల్‌డెర్గ్ నాచు నుంచి తీసిన జెల్లీని పూర్తిగా ఎండకముందే తూచారు. రెట్టింపుగా కనపడింది జెల్లీ కాదు, నీళ్లు.

మూడు వారాలు ఊరుకుంటే ఎవరు అడుగుతారు? ఎవరు కనిపెడతారు? ఆవిడ ఆ సాయంత్రమే పత్రికకు ఉత్తరం రాశారు. తప్పు తనదనీ, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కిల్‌డెర్గ్ వెళ్లి, బడిలో నాచు ఏరే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, తాను నిలబడి చెప్పారు.

ముందుగా పెగ్ ఫ్లాహర్టీ నోరు విప్పింది. "మా ఆయన బర్మింగ్‌హామ్ పని వద్దని రాసేశాడు మిస్. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?"

"నాకు తెలియదు, పెగ్" అన్నారు ఆవిడ.

పెగ్ బల్ల మీద జరిగి చోటు చేసింది. "ఆ కంపెనీ వాడు ఉత్తరం ముక్క కూడా రాయడు, చూస్తూ ఉండండి. మీరు బస్సెక్కి వచ్చారు. కూర్చోండి, టీ తాగి పోండి" అంది.

కార్ఖానా రాలేదు. పెగ్ భర్త ఆరు నెలల తర్వాత వెళ్లాడు, ఇంకా తక్కువ జీతం పనికి. పీఠం వేరొకరికి ఇచ్చారు. ఆవిడకు దక్కడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మిత్రులారా, ఆ జెల్లీ తూచింది ఎవరు?

నేను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. శనివారం డాన్సుకు వెళ్లాలని ఒక రోజు ముందే ఎండబెట్టడం ఆపేసి తూచాను. తూకాలు కలవనినాడే ఆవిడ అది గ్రహించారు. తిరుగు బస్సులో ఏడుస్తూ, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. "తూచింది నువ్వు. చూడకుండా సంతకం పెట్టింది నేను. రేపు తొమ్మిదింటికి రా, మళ్లీ తూద్దాం" అన్నారు.

బయట చెప్పేస్తానని తర్వాత రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ "అది అయిపోయింది డెలియా" అని మాట తుంచేశారు. ముప్పై ఏడేళ్లు గడిచాయి. ఇవాళ తుంచడానికి ఆవిడ లేరు. పెగ్ ఇక్కడే మూడో వరసలో ఉంది. ఆమెకూ ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. పెగ్, ఆ రోజు ఆ బడిలో లేచి నిలబడవలసింది నేను.

అందరూ దయచేసి లేవండి. మోకాళ్లు సహకరించనివాళ్లు కూర్చునే ఉండండి, ఆవిడ ఏమీ అనుకోరు. ఒక్క నిమిషం ఆవిడ కోసం మౌనంగా ఉందాం.